మేనేజరుకు దండం... లెక్కకు రశీదు!

ఫైనాన్సు కుర్రాడి మోటారు సైకిలు చప్పుడు వినగానే గ్రూపు అప్పు తీసుకున్న ఆడవారి గుండెల్లో రాయి పడుతుంది. ఆ కుర్రాడి గుండెల్లోనూ అలాంటి రాయి ఒకటుంటుంది. అది బ్రాంచి మేనేజరు!

డిగ్రీ చదివి, సర్కారు కొలువు దొరక్క, ఊరికి దగ్గరగా ఉంటుందని సూక్ష్మరుణ సంస్థల్లో చేరే యువకులు పల్లెల్లో ఎందరో. వాయిదా ఒక్కటి తప్పితే చాలు, సాయంత్రం పదిమంది ముందు నిలబెట్టి కడిగేసే మేనేజర్లున్నారు. 'డబ్బు చేతికొచ్చేదాకా ఆ గడప దిగొద్దు' అని హుకుం జారీ చేసేవారూ ఉన్నారు.

రిజర్వు బ్యాంకు మాట వేరు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత బాకీదారులకు ఫోన్లు చేయరాదనీ, దుర్భాషలాడరాదనీ 2022లో ఆదేశించింది. వాయిదా వసూలు ఇరువురూ అనుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లో, అంతకు మించో అక్కడికి రాకపోతేనే ఇంటికి వెళ్లాలి. మేనేజరు మాట వింటే నిబంధన తప్పుతుంది. నిబంధన పాటిస్తే తిట్లు తప్పవు. అడకత్తెరలో పోకచెక్క బతుకు!

ఇలాంటి కుర్రాడొకడు ఓ రోజు తిట్లు భరించలేక, వసూళ్ల సంచీ బల్లమీద పెట్టి ఇంటికి వచ్చేశాడనుకుందాం. రాజీనామా కాగితం లేదు. సంచీలో ఎంత ఉందో రాయించుకోలేదు. నెల తిరక్కుండా 'సొమ్ము తక్కువైంది' అని నోటీసు వస్తే ఏం చెబుతాడు? నిజం అతనిదే అయినా రుజువు లేదు. కట్టడానికి తండ్రి పాడిగేదెను అమ్మాల్సిందే.

అందుకే మానడానికీ ఓ పద్ధతి ఉంది. ముందుగా పైఆఫీసుకు రాతమూలకంగా ఫిర్యాదు చేసి, వేరే బ్రాంచికి బదిలీ అడిగి చూడాలి. కుదరకపోతే నియామక పత్రంలో ఉన్న గడువు ప్రకారం రాజీనామా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. నగదు, రశీదు పుస్తకాలు, బండి తాళం దేనికది రాయించి అప్పగించాలి.

చేరినప్పుడు బాండు రాసి ఉంటే చదువుకోవాలి. మూడేళ్లలోపు మానితే 2 లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరే బ్యాంకులో చేరేందుకు రాజీనామా చేసిన అధికారి వ్యవహారమది.

శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. ఆ గడువుకు కొద్ది నెలలే ఉంటే ఓపిక పట్టడం లాభమేమో లెక్క వేసుకోవాలి. భవిష్యనిధి సొమ్మును తీసి వాడేయకుండా కొత్త ఉద్యోగానికి మార్పించుకోవడం మేలు. పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి మరి.

కొత్త చోట మేనేజరు ఎలాంటివాడో అక్కడి కుర్రాళ్లను ముందే వాకబు చేయాలి. లేకుంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. రేపు వేరే కంపెనీ సంచీ తగిలించుకున్నా వెళ్లేది మళ్లీ అవే ఊళ్లకు, అవే గడపలకు. పాత లెక్క తేల్చుకుని వచ్చినవాడికే ఆ అక్కలు నమ్మకంగా వాయిదా సొమ్ము చేతికిస్తారు.