మూడు వయసుల సోఫా

అమెరికాలో పాత ఫర్నిచర్‌కు గిరాకీ పెరిగిన ఈ రోజుల్లో 1970ల నాటి మాడ్యులర్ సోఫా కనిపిస్తే చాలు, జనం ఎగబడుతున్నారు. నేలకు ఆనుకున్నట్టుండే ఎత్తు, చేతులు లేని బొద్దు ముక్కలు, గదికి తగ్గట్టు ఎలా కావాలంటే అలా జరుపుకునే వీలు చూసి మనసు పారేసుకుంటున్నారు. ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. కానీ ఇన్ని రకాలుగా అమర్చుకోవచ్చని గొప్పలు చెప్పుకోవడంతోనే మాడ్యులర్ సోఫా గొప్పదైపోదు. ఒక ముక్క పాడైతే దాన్ని విప్పి, పాడైన మేరకే మార్చి, మళ్లీ వరసలో పెట్టగలమా అన్నదే అసలు పరీక్ష. ఆనాటి డిజైన్లలో అన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయని చెప్పలేం.

ఆలోచన మాత్రం 1970ల కంటే పాతది. బ్రూక్లిన్‌లో పుట్టిన హార్వే ప్రోబర్ 1940ల్లోనే సోఫాను సూటి ముక్కలుగా, మూల ముక్కలుగా, వంపు ముక్కలుగా విడగొట్టాడు. ఆయన సెర్ట్ గ్రూప్ 1948 నాటిది. అప్పట్లో ఏటా అయిదుగురు అమెరికన్లలో ఒకరు ఇల్లు మారేవారు. కొత్త ఇంటి గుమ్మంలో దూరని, మెట్ల మలుపులో తిరగని ముగ్గురి సోఫా అలాంటి కుటుంబానికి గుదిబండే. ముక్కలైతే ఒక్కొక్కటీ మోసుకుపోవచ్చు, ఇల్లు పెద్దదైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. 1974లో లాస్ ఏంజెలెస్ డిజైనర్ డాన్ చాడ్విక్, మిషిగన్‌లోని హర్మన్ మిల్లర్ కంపెనీ కోసం ఇదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. తర్వాత బిల్ స్టంఫ్‌తో కలిసి 1994 నాటి ఏరాన్ ఆఫీసు కుర్చీని రూపొందించింది ఈయనే. చాడ్విక్ సోఫాలో ముక్కలు కొన్ని చదరం, కొన్ని ఒక వైపు వెడల్పుగా మరోవైపు ఇరుకుగా ఉంటాయి. చదరపు ముక్కలన్నీ పేరిస్తే తిన్నని వరస. మధ్యలో ఇరుకు వైపు లోపలికి వచ్చేలా ఒక ముక్క పెడితే వరస వంగుతుంది, దాన్నే తిరగేసినట్టుండే ముక్క పెడితే అటువైపు తిరుగుతుంది. పెద్ద హాల్లో మెలికలు తిరుగుతూ పోయే ఆసనం అలా తయారవుతుంది. ఇంత తక్కువ రకాల ముక్కలతో ఇంత సాధించడం నా దృష్టిలో ఆ దశాబ్దపు అందమైన లెక్కల్లో ఒకటి.

అయితే సోఫాకు ఒక వయసు ఉండదు, మూడు ఉంటాయి. ముందు బట్ట అరుగుతుంది, తర్వాత ఫోమ్ చచ్చుబడుతుంది, అందరికంటే ఎక్కువ కాలం బతికేది ఫ్రేము. మన ఇళ్లల్లో దూది పరుపు గడ్డకడితే గలీబు విప్పి, దూది ఏకించి, మళ్లీ కుట్టించేవారు. పరుపును ఎవరూ పారేసేవారు కాదు. చెక్క ఫ్రేము మీద కట్టిన ప్రోబర్ సోఫాకు ఆ అదృష్టం ఉంది. బట్ట, ఫోమ్ ఊడదీసి కొత్తవి వేయొచ్చు. చాడ్విక్ ముక్కల్లో అచ్చుపోసిన పాలీయురేథేన్ ఫోమే ఆకారాన్ని ఇస్తుంది. వెలుతురుకు, గాలికి ఆ ఫోమ్ ఏళ్ల తరబడి మెల్లగా విరిగిపోతుంది. పాతబడిన ముక్క కవరు ఎత్తి చూస్తే వేలికి తగిలిన చోటల్లా పసుపు రంగు పొడి రాలుతుంది. ఫోమ్ పోతే వంపే పోతుంది. అచ్చు లేని పనివాడు మామూలు ఫోమ్ కోసి, అతికించి దానికి దగ్గరగా తేగలడు, అంతే. సోఫాను పక్కపక్కన అద్భుతంగా విడగొట్టిన మనిషి పొరలుగా విడగొట్టలేదు. ఆ డిజైన్ మీద గౌరవం ఉంచుకునే ఈ మాట అంటున్నాను.

పాత ఫోమ్ విషమనీ, అసలు ఇంట్లోకే రానివ్వకూడదనీ అనేవారున్నారు. ఆ మాటలో చాలా నిజముంది. 1975లో కాలిఫోర్నియా తెచ్చిన టెక్నికల్ బులెటిన్ 117 ప్రకారం ఫోమ్ చిన్న మంటను 12 సెకన్లు తట్టుకోవాలి. అందుకోసం కంపెనీలు మంటను అడ్డుకునే రసాయనాలు కలిపాయి. రాష్ట్రం పెద్ద మార్కెట్ కావడంతో దేశమంతటా అవే సోఫాలు వెళ్లాయి. ఆ రసాయనాలు ఫోమ్‌లోంచి ఇంటి దుమ్ములోకి చేరతాయి. 2013లో కాలిఫోర్నియా పరీక్షను మార్చింది. రసాయనాలు లేకుండానే నెగ్గగల ఆ కొత్త పరీక్షే 2021 నుంచి దేశమంతటికీ వర్తిస్తోంది. అందుకే నడుమనున్న నాలుగు దశాబ్దాల ఫోమ్‌ను అనుమానించాల్సిందే. కానీ అనుమానం ఫోమ్ మీద, సోఫా మీద కాదు. పొరలు విడివడే సోఫా అయితే ఫోమ్ ఒక్కటీ మార్చుకుంటాం. ఫోమే సోఫా అయినప్పుడు మొత్తం వదులుకోవాలి.

రెండో అభ్యంతరం డబ్బుది. పాత ముక్కకు కొత్త ఫోమ్, కొత్త బట్ట వేయించే ఖర్చుతో మరో సోఫా వచ్చేస్తుందంటారు. తరచూ వస్తుంది కూడా. అయితే ఆ ధరలో చెత్త ఖర్చు కలవదు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 1960లో పారేసిన ఫర్నిచర్, ఫర్నిషింగులు 22 లక్షల టన్నులు. 2018లో కోటీ 21 లక్షల టన్నులు, అందులో 80 శాతం మట్టిలో పూడ్చినవే. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సస్‌లోని ఫ్రిస్కోకు ఉద్యోగం మారినప్పుడు అపార్టుమెంటు బయట వదిలేసే మన తెలుగువాళ్ల సోఫాలూ ఆ లెక్కలోవే. జనం ఇప్పుడు అంతగా ఇల్లు మారడం లేదు, మాడ్యులర్‌తో పనేముందని మరో మాట. నిజమే, 2021లో మారినవారు 8.4 శాతమే. కానీ ఒకేచోట ఎక్కువ కాలం ఉండే ఇంట్లోనే బట్ట మాసేదీ, ఫోమ్ కుంగేదీ.

ఇలా పొరలుగా విడివడే సోఫా డబ్బున్నవారికే దక్కే సుఖమూ కాదు. ఐకియా సోడర్‌హామ్న్ సోఫా కవర్లు విడిగా అమ్ముతుంది, ఊడదీసి ఉతుక్కోవచ్చు. ఇటలీలో మారియో బెల్లిని 1970లో చేసిన కామలియోండాను బీ అండ్ బీ ఇటాలియా 2020లో మళ్లీ తెచ్చినప్పుడు, భాగాలు విడదీసి రీసైకిల్ చేసేలా లోపలి కట్టుబడిని మార్చింది. కొనేవారు కూడా రంగు, వంపు చూసేముందు ముక్కను వెల్లకిలా తిప్పాలి. కవరుకు జిప్పుందా, బట్ట ఫోమ్‌కు అతికించేశారా, అడుగున ఏ ఏడాది లేబులుంది, ముక్కల్ని కలిపే కొక్కెం వదులైతే మార్చవచ్చా, ఆ ఒక్క ముక్కే కావాలంటే కంపెనీ అమ్ముతుందా అని అడగాలి.