ఆర్కిటిక్ నావికులకు 68 ఏళ్ల బాకీ

శౌర్య పతకం వేరు, సేవా పతకం వేరు. శౌర్య పతకం ఒక మనిషి చూపిన సాహసానికి దక్కుతుంది. దానికి సాక్షులు కావాలి, పై అధికారి సిఫారసు కావాలి. సేవా పతకం ఫలానా యుద్ధంలో ఫలానా చోట పనిచేసిన అందరికీ ఇస్తారు. అడ్మిరల్‌కూ, డెక్ కడిగే కుర్రవాడికీ అదే పతకం. అందరికీ దొరికేదే కదా అని దాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. మామూలు నావికుడి విషయంలో మాత్రం శౌర్య పతకం కన్నా ఇదే ముఖ్యమని నేననుకుంటాను. అతని పేరు చరిత్ర పుస్తకాలకెక్కదు. నువ్వు అక్కడ ఉన్నావు, ఆ కష్టం పడ్డావు అని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు అతని చేతికొచ్చే ఆధారం అదొక్కటే. బ్రిటన్ ఇచ్చే 'ఆర్కిటిక్ స్టార్' అనే సేవా పతకం చరిత్ర చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్‌పై దాడి చేశాడు. ఆగస్టు నుంచే ఐస్‌లాండ్, స్కాట్లాండ్ రేవుల నుంచి సోవియట్ రేవులైన మూర్మాన్స్క్, అర్ఖాంగెల్స్క్‌లకు ట్యాంకులు, విమానాలు, లారీలు, ఆహారం మోస్తూ ఓడలు గుంపులుగా బయల్దేరాయి. 1945 మే వరకు ఇలాంటి ఓడల గుంపులు, అంటే కాన్వాయ్‌లు, 78 నడిచాయి. చేరిన సరుకు దాదాపు 40 లక్షల టన్నులు. ఒకవైపు జర్మన్ల చేతిలో ఉన్న నార్వే తీరం, మరోవైపు ధ్రువపు మంచు. మధ్యలో ఉన్న సముద్రమే దారి. శీతాకాలంలో ఎగిరిపడిన కెరటపు నీరు డెక్ మీదే గడ్డకట్టేది. ఆ బరువుకు ఓడ తిరగబడకుండా నావికులు గొడ్డళ్లతో మంచు కొట్టి సముద్రంలోకి తోసేవారు. వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడివచ్చేది. నీళ్లలో పడ్డవాడు కొద్ది నిమిషాలకు మించి బతకడం కష్టం. వేసవిలో పొద్దు గూకదు కనుక శత్రువిమానాలకు రాత్రి అన్న అడ్డే లేదు. 1942 జులైలో పీక్యూ-17 కాన్వాయ్‌కు జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ ముప్పు ఉందని భయపడి, ఓడలన్నీ చెదిరిపోవాలని లండన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. కాపలా నౌకలు వెనుదిరిగాయి. సరుకు ఓడలు ఒంటరిగా మిగిలాయి. ఆ కాన్వాయ్‌లో మొత్తం 24 సరుకు ఓడలు మునిగిపోయాయి. ఆ ఆజ్ఞలో సామాన్య నావికుడి ప్రమేయం ఏమీ లేదు, ప్రాణం మాత్రం అతనిదే. మొత్తం మీద ఈ మార్గంలో 85 సరుకు ఓడలు, 16 బ్రిటిష్ యుద్ధనౌకలు పోయాయి. సుమారు 3,000 మంది చనిపోయారు.

యుద్ధం ముగిశాక ఈ నావికుల సేవను 'అట్లాంటిక్ స్టార్' పతకం కింద లెక్కగట్టారు. ప్రత్యేక పతకం కోసం ప్రాణాలతో మిగిలినవాళ్లు దశాబ్దాల పాటు అడుగుతూ వచ్చారు. ప్రభుత్వం చెప్పిన కారణాలు రెండు. ఒకే సేవకు రెండు పతకాలు కూడదన్నది ఒకటి, ఐదేళ్లు దాటిన సేవకు కొత్త పతకం ఇవ్వరాదన్నది మరొకటి. వీటిని కొట్టిపారేయలేం. పతకాలు ఇష్టమొచ్చినట్టు పంచితే వాటికి విలువ పోతుంది. యుద్ధాన్ని దగ్గరగా చూసినవాళ్ల నిర్ణయాన్ని తర్వాతి తరం తిరగదోడుతూ పోతే దానికి అంతుండదు. కానీ అట్లాంటిక్ స్టార్ రావాలంటే సాధారణంగా నెలల తరబడి సముద్రంలో సేవ ఉండాలి. మూర్మాన్స్క్ ప్రయాణం ఒక దిక్కుకు పది పదిహేను రోజులు. ఒకటి రెండుసార్లు మాత్రమే ఆ నరకం చూసివచ్చినవాడు ఆ లెక్కకు అందకపోవచ్చు. అందినవాడికీ, ఆర్కిటిక్ వృత్తం దరిదాపులకు పోనివాడికీ గుండె మీద కనబడేది ఒకే రిబ్బను. అట్లాంటిక్‌లో పనిచేసినవారిని ఇక్కడ తక్కువ చేయడం లేదు, వాళ్ల యుద్ధమూ ఘోరమైనదే. చేసిన సేవ వేరైనప్పుడు ఒకే పతకంతో సరిపెట్టి, రెండోది అడిగితే పునరుక్తి అనడం న్యాయం కాదన్నదే నా వాదన. ఇక ఐదేళ్ల నియమం కొత్త కోరికలను అదుపులో పెట్టడానికి పనికొస్తుంది. మొదటి లెక్కే తప్పినప్పుడు అదే నియమాన్ని చూపి దిద్దనంటే, తప్పు చేసినవాడికే గడువు లాభిస్తుంది.

2000ల మధ్యలో కోటుకు పెట్టుకునే చిన్న చిహ్నం ఒకటి ఇచ్చారు. అది పతకం కాదు కనుక అడిగినవాళ్లు ఊరుకోలేదు. చివరికి సైనిక పతకాల నియమాలపై సర్ జాన్ హోమ్స్ చేసిన సమీక్ష తర్వాత 2012 డిసెంబరులో ప్రభుత్వం ఒప్పుకుంది. 2013 మార్చి 19న డౌనింగ్ స్ట్రీట్‌లో ప్రధాని డేవిడ్ కామెరాన్ మొదటి ఆర్కిటిక్ స్టార్‌లను అందించారు. ఆర్కిటిక్ వృత్తం దాటి పనిచేస్తే చాలు, ఎన్ని రోజులన్నది చూడరు. నౌకాదళమా, సైన్యంలో చేరని సరుకు ఓడ కార్మికుడా అన్న తేడా లేదు. ఒక్కరికి ఒప్పుకుంటే అడిగిన అందరికీ ఇవ్వాల్సి వస్తుందన్న భయం కూడా నిజం కాలేదు. తర్వాత వచ్చిన వినతుల్లో చాలావాటిని అదే సమీక్షా ప్రక్రియలో పరిశీలించి తిరస్కరించారు. అంటే విచారించి విడివిడిగా తీర్పు చెప్పడం సాధ్యమే. ఆ పని 1946లోనే చేసి ఉండవచ్చు. అప్పటికి ఆ నావికుల్లో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నారు. 2013లో పతకం అందుకున్నవాళ్లు తొంభై చుట్టుపక్కల వయసువాళ్లు. మిగతావారి తరఫున వితంతువులు, పిల్లలు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది.