డి.ఎన్.ఏ.కి మన గడి తెలుసా?

అమెరికాలో అడుగుపెట్టిన ప్రతి తెలుగువాడూ ఏదో ఒక ఫారంలో "రేస్" అన్న ప్రశ్న దగ్గర కలం పట్టుకుని ఒక క్షణం ఆగే ఉంటాడు. మన సంగతి ఈ దేశానికీ చాలాకాలం తేలలేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారంది. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్ళలోనే కలిపేశారు. 1980లో "ఏషియన్ ఇండియన్" అంటూ విడిగా ఒక గడి ఇచ్చారు. ఇన్ని గడులు మారినా మన రక్తంలో మారిందేమీ లేదు.

ఈ గడుల వ్యవహారమే ఇప్పుడు నేరపరిశోధనలోకి వచ్చింది. నేను పాథాలజిస్టుని కావడంవల్ల విందుల్లో మనవాళ్ళు నన్ను తరచు అడుగుతుంటారు: "నెత్తురు చుక్క చూసి మనిషిది ఏ జాతో చెప్పేస్తారటగా, నిజమేనా డాక్టరుగారూ?" ఇందులో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి.

మొదటిది పోల్చి చూడడం. నేరం జరిగినచోట దొరికిన డి.ఎన్.ఏ., ఈ మనిషి డి.ఎన్.ఏ. ఒకటేనా? ఎఫ్.బి.ఐ. వారి కోడిస్ వ్యవస్థ 1998లో దేశమంతటా మొదలైనప్పుడు 13 చోట్లు పోల్చేవారు, 2017 నుంచి 20 చోట్లు చూస్తున్నారు. ఆ చోట్లలో చిన్న చిన్న ముక్కలు ఎన్నిసార్లు తిరిగి తిరిగి వచ్చాయో లెక్కపెడతారు, అంతే. ఒంటిరంగు ఊసు అందులో లేదు. (మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారు ఇలాంటి పోలికకి మొదట వాడింది ఒక పాము డి.ఎన్.ఏ. నుంచి వచ్చిన సాధనం. ఆ పాము శాస్త్రీయనామం "బంగారస్", మన తెలుగు "బంగారు పాము"లోంచి పుట్టిన మాటే!)

ఇక్కడ కూడా జాతి దొడ్డిదారిన వచ్చింది. ఇదే నమూనా వేరొకరికి కాకతాళీయంగా ఉండే అవకాశం ఎంత అన్నది తెల్లవారిలో ఇంత, నల్లవారిలో ఇంత, హిస్పానిక్‌లలో ఇంత అని విడివిడి పట్టికల్లో కోర్టుకి చెప్పేవారు. మరి తెలుగువాడు ఏ పట్టిక? 1991లో లెవంటిన్, హార్ట్ల్ అనే శాస్త్రజ్ఞులు "సైన్స్" పత్రికలో అభ్యంతరం చెప్పారు. ఒక్కో పట్టికలోని జనం అందరూ కలిసిపోయినవాళ్ళు కారు, లోపల ఎవరిలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునే గుంపులుంటాయి అని. ఈ సంగతి మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు! అదే సంచికలో మన దేశంనుంచి వచ్చిన రణజిత్ చక్రవర్తి, కెనెత్ కిడ్‌తో కలిసి వాళ్ళకి జవాబిచ్చారు. ఇప్పుడు 20 చోట్లు కలిసినప్పుడు, రక్తసంబంధం లేనివాళ్ళ మధ్య ఏ పట్టిక వాడినా పెద్ద తేడా రాదు. ఈ మొదటి పనిని నేను నమ్ముతాను. చేయని నేరానికి జైళ్ళలో మగ్గినవాళ్ళు ఎందరో దీనివల్లే బయటపడ్డారు.

రెండో పని ఊహించడం. మనిషెవరో తెలియనప్పుడు పూర్వీకులు ఏ ఖండంవాళ్ళో అంచనా కట్టడం. లూయిజియానాలో బేటన్ రూజ్ చుట్టుపక్కల వరుసగా ఆడవాళ్ళ హత్యలు జరిగితే పోలీసులు తెల్లవాడికోసం వెతికారు, వెయ్యిమందికి పైగా మగవాళ్ళ బుగ్గల్లో దూదిపుల్ల రాశారు. 2003లో డి.ఎన్.ఏ.ప్రింట్ అనే కంపెనీ పరీక్షచేసి, హంతకుడి పూర్వీకులు 85 శాతం ఆఫ్రికావాళ్ళు, 15 శాతం నేటివ్ అమెరికన్లు అని చెప్పింది. ఆ మే నెలలో డెరిక్ టాడ్ లీ అనే నల్లజాతివాడు దొరికాడు. శాస్త్రం ఇక్కడ పోలీసుల తప్పుడు అభిప్రాయాన్ని సరిదిద్దింది, కాదనను. అయితే "నల్లవాడు" అన్నది ఒక మనిషి ఆనవాలు కాదు. అతన్ని పట్టించింది పాత కేసులు తిరగేసిన డిటెక్టివుల ఓపిక.

అటువంటి ఆనవాలుతో వల వేస్తే ఏమవుతుందో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో 1994లోనే చూశారు. అత్యాచారాల కేసులో నేరస్థుడు నల్లవాడని సాక్షులు చెప్పారు. దాదాపు 160 మంది నల్లజాతి మగవాళ్ళ దగ్గర రక్తం తీసుకున్నారు. ఇవ్వకపోతే అనుమానిస్తారు, ఇస్తే ఆ రక్తం ఎక్కడికి పోతుందో తెలీదు. చివరికి అసలువాడు దొరికింది ఒక టాక్సీ డ్రైవరు ఇచ్చిన కబురువల్ల. మన ఊళ్ళో ఒక కేసులో "దక్షిణాసియా" అని అంచనా వచ్చిందనుకోండి. ఆ వలలో పడేది మన ఉగాది విందుకొచ్చిన మగవాళ్ళందరూ, కాలేజీలో చదివే మన అబ్బాయిలతో సహా.

2018లో కాలిఫోర్నియాలో "గోల్డెన్ స్టేట్ కిల్లర్"ని బంధువుల డి.ఎన్.ఏ. ద్వారా పట్టుకున్నాక ఇంకో తలుపు తెరుచుకుంది. పూర్వీకుల సరదాకోసం ఎవరో దూరపు చుట్టాలు వంశవృక్షాల సైటులో పెట్టిన వివరాలే దారి చూపాయి. యూరపు సంతతివారిలో దాదాపు 60 శాతం మందికి ఇలా కనీసం మూడో తరం కజిన్ దాకా చుట్టాలు దొరుకుతారని ఆ ఏడాదే ఒక అధ్యయనం లెక్కగట్టింది. మనవాళ్ళు ఆ సైటుల్లో ఇంకా తక్కువే. కాని మనకో ప్రత్యేకమైన చిక్కుంది, అది మేనరికం. అన్నదమ్ముల పిల్లల మధ్య మామూలుగా ఎనిమిదో వంతు డి.ఎన్.ఏ. ఒకటిగా ఉంటుంది. తరతరాలుగా మేనమామనీ, మేనత్త కొడుకునీ చేసుకున్న కుటుంబాల్లో అది ఇంకా పెరుగుతుంది. ఆ లెక్క తెలియని డిటెక్టివుకి దూరపు చుట్టం దగ్గర చుట్టంలా కనపడి, సంబంధంలేని ఇంటి తలుపు తట్టే అవకాశముంది.

మా అమ్మాయి కాలేజీకి బయల్దేరుతున్నప్పుడు రెండు మాటలు చెప్పాను. పోలీసులు మర్యాదగా లాలాజలం అడిగితే, అంతే మర్యాదగా వారంటు ఉందా అని అడగవచ్చు. (తీవ్రమైన నేరం మీద అరెస్టయితే మాత్రం వారంటు అక్కర్లేదని 2013లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పిచ్చింది.) పూర్వీకుల పరీక్షకి ఉమ్మి పంపాలనుకుంటే ముందు బంధువులకి చెప్పాలి. ఇదంతా ఫోన్లో విన్న మా పెదనాన్నగారు తెనాలినుంచి, "నేను ఇవ్వకుండా నా సంగతి వాళ్ళకెలా తెలుస్తుందిరా?" అన్నారు. డల్లాస్‌లో ఉన్న వాళ్ళబ్బాయి ఆ గొట్టం నింపి పంపి అప్పటికే ఏడాదయిందని చెప్పాల్సి వచ్చింది.