కంప్యూటరు పెట్టెలో తెలుగునకు చోటు

కంప్యూటరు తనంత తానుగా ఏ పనియు చేయజాలదు. దానిని నడిపించునది ఆపరేటింగ్ సిస్టమ్. వ్రాతకును, లెక్కలకును, బొమ్మలకును వలయు సాధనములను, అక్షరరూపములను వేర్వేరు ప్యాకేజీలుగా కట్టి, ఆపరేటింగ్ సిస్టముతో చేర్చి పంచిపెట్టు సంపుటిని డిస్ట్రిబ్యూషన్ అందురు. దూరప్రయాణమునకు పెట్టె సర్దు తల్లి ప్రతి వస్తువును చేతికెత్తి, "ఇది కావలెనా?" అని యోచించును గదా! ఈ సంపుటిని కూర్చువారికిని అదే యోచన తప్పదు. ఇంట తెలుగును, వీధిని కన్నడమును పలుకు బెంగళూరువారమైన మనకు ఈ నిర్ణయముతో సంబంధము కలదు.

1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్‌ను ఉదాహరణముగా గైకొందము. 2023లో వెలువడిన దాని 12వ కూర్పున 64,000కు పైగా ప్యాకేజీలు కలవు. ఎల్లరును వాడుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు స్వేచ్ఛ గలవి మాత్రమే ప్రధాన విభాగమున చేరును. 1997లో చేసికొన్న నియమమిది. అయితే కొన్ని యంత్రభాగములు స్వేచ్ఛలేని చిన్న ప్రోగ్రాములు లేనిదే పనిచేయవు. అందుచే వానిని స్థాపనా సంపుటిలో చేర్చుటకు 2022లో సభ్యులు ఓటు వేసి అంగీకరించిరి. నియమము ముఖ్యమే, వాడుకరి యిబ్బందియు చూడవలసినదే.

ఏ ప్యాకేజీని ఎందరు వాడుచున్నారో, సమ్మతించిన వాడుకరుల యంత్రములనుండి లెక్క గైకొందురు. మొదటి డిస్కులో ముందు చేరవలసినవానిని ఎంచుటకు ఆ లెక్క తోడ్పడును. మరి సంఖ్యయే ప్రమాణమైనచో అల్పసంఖ్యాకుల భాష గతి యేమి? దీనికొక చక్కని ఉపాయము కలదు. భాండారమున అన్నిటికిని చోటుండును. యంత్రమున మాత్రము కోరినవే దిగును. స్థాపన వేళ తెలుగును ఎంచుకొన్నవారికి తెలుగు ప్యాకేజీలు చేరును. ఇతరులకు ఆ భారముండదు.

కాని చోటు దొరకినంతనే పని ముగియదు. ప్రతి ప్యాకేజీకిని ఒక సంరక్షకుడు కావలెను. డెబియన్‌లో ఈ పని స్వచ్ఛందముగా జరుగును. పట్టించుకొనువారు లేక, పెద్ద తప్పులు దిద్దబడక నిలిచిన ప్యాకేజీని తరువాతి కూర్పునుండి తొలగింతురు. తెలుగును ద్వేషించి ఎవ్వరును తీసివేయనక్కరలేదు. మనము ఊరకున్నను చాలును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఊరకుండక, డెబియన్ ఆధారముగా తెలుగు డిస్ట్రిబ్యూషన్ నొకదానిని కూర్చిరి.

కావున విద్యార్థులారా, తెరపై ఒత్తు తప్పుగా కనబడినచో నవ్వి ఊరకుండకుడు. ఏ ప్యాకేజీలో, ఏ అక్షరము, ఎట్లు చెడినదో వ్రాసి సంరక్షకునకు తెలుపుడు. తల్లిదండ్రులారా, కంప్యూటరు కొన్ననాడే అందు తెలుగును అమర్చి, పిల్లలచే ఒక జాబైనను తెలుగున వ్రాయింపుడు. వాడువారును దిద్దువారును ఉన్నంతకాలము ఆ పెట్టెలో మన భాషకు చోటుండును.