చుక్కతో చిక్కు.. గీతతో విరుగుడు

మార్కాపురం: పలకలకు పేరొందిన మార్కాపురంలో చుక్క విలువ ఎవరికీ చెప్పనవసరం లేదు. 2.50 ఎకరాల్లో చుక్క చెరిగితే 250 అవుతుంది. కంప్యూటరు ప్రోగ్రాముల్లో మాత్రం చుక్క చెరగకపోయినా లెక్క తప్పే ప్రమాదం ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల నుంచి సాఫ్ట్‌వేర్ కొలువులకు సిద్ధమవుతున్న విద్యార్థులు తరచూ పొరపడే అంశమిది.

సమాచారంలో ఒక నమూనాకు సరిపోయే భాగాలను వెతికిపట్టే సూత్రాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. గణిత శాస్త్రవేత్త స్టీఫెన్ క్లీనీ 1950వ దశకంలో దీనికి పునాది వేశారు. కంప్యూటరులో దీనితో వెతికే విధానాన్ని కెన్ థాంప్సన్ 1968లో ప్రచురించారు.

ఈ సూత్రాల్లో కొన్ని చిహ్నాలకు సొంత అర్థాలున్నాయి. చుక్క అంటే 'ఏదైనా ఒక అక్షరం'. నక్షత్రం గుర్తు ఉంటే దాని ముందున్న అక్షరం ఎన్నిసార్లు వచ్చినా, అసలు రాకపోయినా సరే. కూడిక గుర్తుకు కనీసం ఒక్కసారైనా రావాలి.

ఒక గ్రామ భూముల జాబితానే తీసుకుందాం. విస్తీర్ణం 2.50 ఉన్నవి వెతకమంటే 2/50, 2-50 అనే సర్వే నంబర్లతో పాటు 2150 ఖాతా కూడా తెరపైకి వస్తుంది. చూడటంతో ఆగితే నష్టం లేదు. దొరికిన ప్రతిచోటా మార్చమని ఆదేశిస్తే ఒకరి సర్వే నంబరు స్థానంలో మరొకరి విస్తీర్ణం చేరుతుంది. యంత్రం ఎలాంటి హెచ్చరికా చేయదు.

విరుగుడు చిన్నదే. చుక్కకు ముందు బ్యాక్‌స్లాష్ ఉంచి 2\.50 అని రాయాలి. సర్వే నంబర్లలో వాడే గీతకు ఇది ఎదురు వాలు. దీన్నే ఎస్కేప్ చేయడం అంటారు. అయినా 12.50లోని చివరి భాగం దొరుకుతూనే ఉంటుంది. గడిలో ఆ అంకె ఒక్కటే ఉండాలంటే ^2\.50$ అని ఆద్యంతాలను కూడా కట్టడి చేయాలి.

కుండలీకరణాలది మరో తీరు. 'మార్కాపురం (గ్రామీణ)' అని నేరుగా ఇస్తే అవి గుంపు గుర్తులవుతాయి. జాబితాలో ఆ పేరు ఉన్నా దొరకదు.

జావాలో మాటల వరుసకు కూడా బ్యాక్‌స్లాష్ ప్రత్యేక చిహ్నమే కనుక రెండుసార్లు రాయాలి: "2\\.50". వాడుకరి టైపు చేసిన పేర్లను చేత్తో సరిచేయడం కన్నా సిద్ధంగా ఉన్న సాధనాలు మేలు. పైథాన్‌లో రీ.ఎస్కేప్, జావాలో ప్యాటర్న్.కోట్, పీహెచ్‌పీలో ప్రెగ్_కోట్ ఉన్నాయి. జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఇలాంటిది 2025లో గానీ చేరలేదు.

నమూనా అవసరమే లేనిచోట ఈ సూత్రాల జోలికి పోకపోవడమే ఉత్తమం. జావాలో రీప్లేస్ ఉన్న అక్షరాలనే మారుస్తుంది. రీప్లేస్‌ఆల్ నమూనాగా చదువుతుంది. స్ప్లిట్‌కు ఉత్త చుక్క ఇచ్చిన వారికి చేతికందేది ఖాళీ జాబితా.