చలి ఏదీ?

ఒక్కో ఏడు డిసెంబరు వచ్చినా చలి ఉండదు. గగన్‌పహాడ్‌లో రాత్రి దుప్పటి కప్పుకుంటే ఉక్క పోస్తుంది. "ఈసారి చలి రాదేమో!" అనుకుంటారు. రోజూ ఉష్ణోగ్రత రాసుకునేవారు కూడా ఆశ్చర్యపోతారు.

ఇలా ఎందుకు అవుతుంది?

పగలు ఎండకు నేల వేడెక్కుతుంది. రాత్రి ఆ వేడి పైకి పోతుంది. అప్పుడు చలి పుడుతుంది. మబ్బు కమ్మితే వేడి తొందరగా పోదు. మబ్బు నేలకు బొంత లాంటిది.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని మబ్బులు తెలంగాణ దాకా కమ్మాయి.

మబ్బు విడిస్తే చలి ఒక్కసారిగా ముదురుతుంది. అందుకే పసిపిల్లలకు, ముసలివాళ్లకు చలిబట్టలు ముందే తీసి ఉంచాలి. చలి అని తలుపులు మూసి, గదిలో కుంపటి పెట్టి పడుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది.