తోడు వేసే ఎర్ర దీపం

"తాళం తిప్పగానే ఎర్ర లైటు వస్తోందామ్మా?"

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని చేసే ఓ పెద్దాయన, మా కారు బానెట్టు ఎత్తకముందే అడిగిన ప్రశ్న ఇది. నేను తడుముకున్నాను. ఎర్ర లైటు వస్తే కదా భయపడాలి, రాకపోతే అంతా బాగున్నట్టే అనుకుంటూ నెల రోజులు గడిపేశాను. ఈలోగా కొత్త బ్యాటరీ కూడా కొన్నాను.

కారు నాన్నది. ముప్ఫై ఏళ్లు దాటింది. కార్బురేటర్ ఇంజను, స్పీడోమీటరుకు తీగ, చేత్తో తిప్పే అద్దాలు. దాని జబ్బు విచిత్రంగా ఉండేది. ఊళ్లో బజారుకీ బడికీ తిరిగిన మర్నాడు సెల్ఫ్ మూలిగి ఊరుకునేది. హైవే మీద ఏలూరు వెళ్లొచ్చిన మర్నాడు మాత్రం ఠక్కున అందుకునేది. ఈ తేడా చెప్పగానే పెద్దాయన తల ఊపి, గోరంత గాజు బల్బు ఒకటి నా చేతిలో పెట్టాడు. "మీటర్ బోర్డు వెనక ఉంటుంది, మీరే మార్చుకోవచ్చు" అన్నాడు.

బల్బు మాడితే బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు తెలిశాక ఆ చిన్న దీపం మీద నాకు గౌరవం పెరిగింది.

బ్యాటరీ బొమ్మ ఉండే ఆ దీపానికి ఒక కొస తాళం మీదుగా బ్యాటరీకి కలుస్తుంది. రెండో కొస ఇంజను పక్కన బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్‌కు వెళ్తుంది. తాళం తిప్పి ఇంకా స్టార్ట్ చేయని క్షణంలో ఇటువైపు 12 వోల్టులు, అటువైపు దాదాపు సున్నా. అందుకని కరెంటు బల్బు గుండా పారుతుంది. పారి, ఆల్టర్నేటర్ లోపల రోటర్ అనే తీగచుట్టలోకి వెళ్తుంది. దారిలో బల్బు వెలుగుతుంది, చివర రోటర్ కొద్దిపాటి అయస్కాంతం అవుతుంది. ఇంజను అందుకోగానే ఆ అయస్కాంతం గిర్రున తిరిగి, చుట్టూ ఉన్న స్టేటర్ తీగల్లో కరెంటు పుట్టిస్తుంది. అందులో కొంత, మూడు చిన్న డయోడ్ల మీదుగా మళ్లీ రోటర్‌కే చేరుతుంది. అయస్కాంతం బలపడితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే అయస్కాంతం ఇంకా బలపడుతుంది. రెప్పపాటులో 14 వోల్టులు. ఇక రెగ్యులేటర్ పగ్గం పట్టుకుంటుంది.

గిన్నెడు పాలకు చెంచాడు మజ్జిగ తోడు వేసినట్టే ఇది. పెరుగంతా ఆ చెంచాలో లేదు. కానీ ఆ చెంచాడు పడకపోతే తెల్లారేసరికి గిన్నెలో పెరుగుండదు. బాగా పనిచేస్తున్నప్పుడు రోటర్ మూడు నాలుగు ఆంపియర్లు తాగుతుంది. బల్బు ఇచ్చేది అందులో పదో వంతు కూడా ఉండదు. 3 వాట్ల బల్బయితే పావు ఆంపియర్, 1.2 వాట్లదయితే ఆంపియర్లో పదో వంతు. తోడుకు అది చాలు.

మరి అది ఆరేది ఎలా? ఆల్టర్నేటర్ లేచాక బల్బుకు రెండు కొసల్లోనూ వోల్టేజి సమానమైపోతుంది. రెండు తొట్లలో నీళ్లు ఒకే మట్టానికి వస్తే మధ్య గొట్టంలో ప్రవాహం ఆగిపోతుంది కదా, అలాగే బల్బులో కరెంటు ఆగిపోతుంది. ఆర్పడానికి ఎవరూ స్విచ్చి పెట్టలేదు, కంప్యూటరు లేదు. తోడు వేయడం, తోడుకుందని చెప్పడం, తెగితే మళ్లీ పిలవడం: మూడు పనులూ ఒకే బల్బు, ఒకే తీగ. ఇంత పొదుపైన ఆలోచన యంత్రాల్లో నేను ఎక్కువగా చూడలేదు.

ఏలూరు చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. ఒకసారి అయస్కాంతమైన ఇనుము ఆ గుణాన్ని పూర్తిగా వదులుకోదు. రోటర్‌లో ఎంతో కొంత మిగిలే ఉంటుంది. అయితే ఆ మిగులుతో పుట్టే వోల్టేజి డయోడ్లను దాటాలి. వరసలో ఉండే రెండింటికి కలిపి 1.4 వోల్టుల దాకా అడ్డు. ఊళ్లో నెమ్మదిగా తిరిగే ఇంజనుతో ఆ అడ్డు దాటడం కష్టం. హైవే మీద ఇంజను రేజు అందుకోగానే తోడు లేకుండానే దాటేసేది. ఒకసారి దాటితే ఇంజను ఆపేదాకా ఛార్జింగు సాగుతుంది. కొత్త బ్యాటరీ తప్పేమీ లేదన్నమాట.

ఇనుములో మిగిలిన ఆ కాస్త అయస్కాంతాన్నే పెట్టుబడిగా వాడుకోవచ్చన్న ఊహ 1866-67లో బెర్లిన్‌లో వెర్నర్ సీమెన్స్‌కూ, ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్‌కూ, శామ్యూల్ వార్లీకీ దాదాపు ఒకేసారి తట్టింది. డైనమో అలా పుట్టింది. కారులోకి విద్యుత్తు గట్టిగా అడుగుపెట్టింది మాత్రం 1912లో, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరుతో కాడిలాక్ వచ్చినప్పుడు. చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ పోయింది, బ్యాటరీని నింపే బాధ్యత వచ్చింది. బ్యాటరీ నిండుతోందో ఖాళీ అవుతోందో చెప్పడానికి ముల్లుతో ఆంమీటర్ ఉండేది. 1930లలో అమెరికాలోని హడ్సన్ కంపెనీ ముళ్ల స్థానంలో దీపాలు పెట్టింది. ముల్లు చదవలేనివాళ్ల కోసమని, అక్కడి డ్రైవర్లు వాటికి మూర్ఖుల దీపాలని పేరు పెట్టారు. ఆ పేరు అన్యాయం. రోడ్డు మీద చూపు ఉంచాల్సిన మనిషికి వణికే ముల్లు కన్నా ఎర్రగా వెలిగే చుక్క తొందరగా కనబడుతుంది.

మన అంబాసిడర్ 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారవడం మొదలైనప్పుడు దానిలో ఉన్నది డైనమో. డైనమో ఇనుములో మిగిలే అయస్కాంతం దానికి సరిపోతుంది, దీపం కబురు మాత్రమే చెబుతుంది. తోడు వేసే పని దీపానికి వచ్చింది ఆల్టర్నేటర్ వచ్చాకే. క్రైస్లర్ వాళ్లు 1960 మోడల్ వాలియంట్‌లో ఆల్టర్నేటర్ పెట్టారు. చౌకగా దొరకసాగిన సిలికాన్ డయోడ్లు దారి తెరిచాయి. ఇంజను మెల్లగా తిరుగుతున్నా ఛార్జి చేస్తుంది కాబట్టి ట్రాఫిక్కులో ఆగి ఆగి వెళ్లే కార్లకు అదే సరైంది.

ఇక రిపేరు. మీటర్ బోర్డు విప్పే ముందు తప్పెక్కడుందో తేల్చుకోవాలి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ నుంచి ఒక లావు తీగ, ఒక సన్న తీగ బయటికి వస్తాయి. లావు తీగలో ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది, దాని జోలికి పోకూడదు. సన్న తీగ ఊడదీసి, తాళం తిప్పి, దాని కొసను ఇంజను లోహానికి ఆనించాలి. దీపం వెలిగితే బల్బూ తీగా మంచివే, రోగం ఆల్టర్నేటర్‌లో, బహుశా అరిగిన కార్బన్ బ్రష్‌లలో. వెలగకపోతే బల్బో, హోల్డరో, తెగిన తీగో. మాకు వెలగలేదు.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కన పెట్టి మొదలుపెట్టాను. మీటర్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రానికి రెండు స్క్రూలు, లోపల మరో నాలుగు. బోర్డును కొంచెం ముందుకు లాగి వెనక చెయ్యి పెడితే స్పీడోమీటర్ కేబుల్ తగిలింది. దాని పట్టును నొక్కితేనే వదిలింది. ముప్ఫై ఏళ్ల ప్లాస్టిక్ అప్పడం లాంటిది, ఎక్కడా బలం చూపించకూడదు. బోర్డు వెనక రాగి గీతలున్న పల్చని ప్లాస్టిక్ రేకు, దాని మీద గుండ్రటి హోల్డర్లు వరసగా. హోల్డర్‌ను ఎడమకు పావు వంతు తిప్పితే బల్బుతో సహా చేతిలోకి వచ్చింది.

గాజు లోపల నల్లటి మసి, ఫిలమెంటు మధ్యలో తెగి ఉంది. రోజుకు కొన్ని సెకన్లే వెలిగే దీపం ఎందుకు మాడుతుంది? చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ నిరోధం, వేడెక్కినప్పటి దానిలో పదో వంతు దాకా పడిపోతుంది. అంటే తాళం తిప్పిన ప్రతిసారీ మొదటి క్షణంలో పది రెట్ల కరెంటు దూకుతుంది. వేల సార్లు ఆ దెబ్బ, పైన గతుకుల రోడ్ల అదురు.

కొత్త బల్బు పెట్టేముందు హోల్డర్ రేకులు, అవి ఆనే రాగి గీతలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచాను. పచ్చటి చిలుము రబ్బరుకు అంటుకుంది. అన్నీ బిగించి తాళం తిప్పితే ఎర్ర దీపం వెలిగింది. స్టార్ట్ చేయగానే ఆరింది. బ్యాటరీ మీద మల్టీమీటర్ 12.3 నుంచి 14.1కి ఎక్కింది.

మాడకుండా ఉంటుందని ఇక్కడ ఎల్‌ఈడీ పెట్టాలనిపించడం సహజం. మీటర్లను వెలిగించే దీపాలకు పెట్టుకోవచ్చు. ఛార్జింగు దీపానికి వద్దు. ఎల్‌ఈడీ కొద్ది మిల్లీ ఆంపియర్లతోనే వెలిగిపోతుంది, రోటర్‌కు ఆ తోడు చాలదు. పక్కన తగిన రెసిస్టర్ కలిపితే తప్ప పాత జబ్బే తిరిగొస్తుంది. పైగా రెండు కొసల మధ్య వోల్టేజి కొంచెం తేడా వచ్చినా, ఎల్‌ఈడీ ఆరకుండా మిణుకుమంటూనే ఉంటుంది. వాట్లు కూడా కంపెనీ పెట్టినవే ఉండాలి.

ఇంకొక మాట. నడుస్తుండగా ఈ దీపం వెలిగితే ఇంటిదాకా వెళ్లొచ్చులే అనుకోకండి. ఫ్యాన్ బెల్టు తెగి ఉండొచ్చు. చాలా పాత కార్లలో అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. పంపు ఆగితే ఇంజను నిమిషాల్లో కాగిపోతుంది. పక్కకు తీసి ఆపి, బెల్టు చూడాలి.

ఇప్పుడు తాళం తిప్పాక ఒక్క క్షణం ఆగి, ఆయిల్, బ్యాటరీ, హ్యాండ్‌బ్రేకు దీపాలు మూడూ వెలిగాయో లేదో చూసి అప్పుడు స్టార్ట్ చేస్తున్నాను. ఆయిల్ దీపం బల్బుది కూడా ఆ ముప్ఫై ఏళ్ల వయసే. దానికి జోడీ ఒకటి కొని గ్లవ్ బాక్సులో పెట్టాను.